దెయ్యం కథలు ఇష్టపడితే దెయ్యాల్ని నమ్మినట్టేనా?

ఈ వారం ఉత్తరం ఉమ్మడి మెదక్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల నుంచి వచ్చింది. రాసినావిడ ఫిజికల్ సైన్స్ టీచరు, వయసు 38. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందుకే సారాంశం ఇస్తున్నాను.

బడి అయ్యాక, సెలవు రోజుల్లో, ఆవిడ ఒక చిన్న బృందంతో కలిసి ఊళ్లు తిరుగుతారు. బాణామతి, చేతబడి భయాలు పోగొట్టే సదస్సులు పెడతారు. కత్తికి మిథైల్ ఆరెంజ్ రాసి నిమ్మకాయ కోస్తే ‘రక్తం’ ఎలా కారుతుందో, పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోస్తే అగ్గిపుల్ల లేకుండానే మంట ఎలా లేస్తుందో చేసి చూపిస్తారు. రాత్రి పిల్లలు పడుకున్నాక మాత్రం ఆవిడకు దెయ్యం కథలు కావాలి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన లఫ్కాడియో హెర్న్ జపాన్ కథల సంపుటి ‘క్వైదాన్’ను ఇంగ్లీషులోనే మళ్లీ మళ్లీ చదువుతున్నారు.

జులైలో ఒక వాన మధ్యాహ్నం క్లాసుకు సగం మందే వచ్చారు, కరెంటు లేదు. పిల్లలు కథ చెప్పమంటే అందులోంచి ముఖం లేని మనిషి కథ చెప్పారు. టోక్యోలో ఒక వాలు దారిన పోతున్న వ్యాపారికి ఏడుస్తున్న అమ్మాయి కనిపిస్తుంది. ఓదార్చబోతే ముఖం తిప్పుతుంది. కళ్లూ ముక్కూ నోరూ ఏమీ ఉండవు. అతను పరుగెత్తి సోబా సేమ్యాలు అమ్మే బండివాడి దగ్గరికి చేరి జరిగింది చెప్పబోతాడు. ‘ఇలాగే ఉందా?’ అంటూ బండివాడు తన ముఖం తుడుచుకుంటాడు. అదీ గుడ్డులా నున్నగా అయిపోతుంది, దీపం ఆరిపోతుంది. పిల్లలు కేకలు పెట్టి నవ్వారు, ఇంకోటి చెప్పమన్నారు. వాళ్లలో ఒకమ్మాయి మాత్రం ఆ రోజు నుంచి చీకటి పడితే పెరటి చివరన ఉన్న బాత్రూంకు వెళ్లడం లేదు. తల్లి బడికొచ్చి అడిగింది. విషయం బృందంలోని పెద్దాయనకు తెలిసింది. ఆయన స్టాఫ్‌రూంలో బల్ల మీద ఆ పుస్తకాన్ని కూడా చూశారు. ‘పగలు సైన్సు, రాత్రి దయ్యాలు’ అని అందరూ చూసే వాట్సాప్ గ్రూపులో రాశారు. మర్నాడు ఒక పిల్లవాడు లేచి, ‘మేడం, మీరు గూడ దయ్యాలను నమ్ముతరా?’ అన్నాడట.

‘చదివాక వరండాలోకి వెళ్లడానికి నాకే జంకు. లైటేసుకుని గానీ వెళ్లను. లోపలెక్కడో నమ్ముతున్నట్టేనా? చదవడం మానెయ్యాలా, బృందంలోంచి తప్పుకోవాలా?’ అని అడిగారు. సంతకం కింద మరో నాలుగు మాటలు ఉన్నాయి: ‘నాకు మొదట దయ్యం కథలు చెప్పింది మా నాయనమ్మ. ఊర్లో ఒక పసిబిడ్డ చనిపోతే ఆమెను మంత్రగత్తె అన్నారు. ఊరు వదిలి వచ్చేశాం. ఆ తర్వాత మా నాన్న ఇంట్లో కథలు చెప్పనివ్వలేదు.’

టీచరు గారూ,

మీరు అడిగిన వరుస పక్కన పెట్టి ముందు ఆ అమ్మాయి గురించి మాట్లాడతాను. మీ పుస్తకం, మీ బృందం ఒక నెల ఆగగలవు. రాత్రంతా బిగబట్టుకుని పడుకునే పిల్ల ఆగలేదు.

తొమ్మిదో తరగతి పిల్ల ఒక కథ విని రెండు మూడు రాత్రులు జడుసుకోవడం మామూలే. వారాలు గడిచినా తగ్గలేదంటే, ఆ భయం కథ దగ్గరే ఆగిందా లేదా చూడాలి. పిల్లలు పైకి చెప్పుకోలేని భయాన్ని చెప్పుకోగలిగిన భయం చాటున దాస్తారు. ‘దయ్యం’ అంటే అమ్మ అక్కున చేర్చుకుంటుంది. ‘పక్కింటాయన’ అంటే ఏమంటుందో తెలియదు. ఆ పెరటి దారిలో లైటుందా, గోడ ఉందా, తాగి కూర్చునేవాళ్లున్నారా, ఇంటికి కొత్తగా ఎవరైనా వచ్చి పోతున్నారా? ఇవన్నీ మీరు వాళ్లింటికి వెళ్లి, కాసేపు కూర్చుని, తల్లితో కలిసి ఆ దారిన నడిచి చూస్తే తెలుస్తాయి. అమ్మాయిని నలుగురిలో అడక్కండి. ఒంటరిగా ఉన్నప్పుడు, ‘నీకు ఎక్కడ భయమేస్తుంది, ఎప్పుడు మొదలైంది’ అని మాత్రం అడిగి, ఆమె చెప్పేదాకా ఊరుకోండి. మనిషి పేరు ఏదైనా బయటికొస్తే ఆలస్యం చెయ్యకుండా 1098కి ఫోన్ చెయ్యండి, అది పిల్లల హెల్ప్‌లైన్.

అలాంటిదేమీ లేదు, నిజంగా కథే కారణం అనుకుందాం. అప్పుడు ‘దయ్యాల్లేవు, సైన్సు చదివే పిల్లవి, సిగ్గు లేదూ’ అనే మాట ఎవరూ అననివ్వకండి. దాంతో భయం పోదు, చెప్పుకోవడం పోతుంది. ఆ కథను ఆమె చేతే తన మాటల్లో చెప్పించండి. ముఖం లేని ఆ మనిషి బొమ్మ వెయ్యమనండి, వేశాక దానికి తనకు నచ్చిన ముఖం పెట్టమనండి. కథ చెప్పేవాళ్ల చేతిలో ఉంటుందని వినేవాళ్లకు తెలిస్తే సగం జంకు తగ్గుతుంది. తల్లికి, ‘నేను చెప్పిన కథ వల్ల పిల్ల ఇబ్బంది పడింది, నేను చూసుకుంటాను’ అని నేరుగా చెప్పండి. నిద్ర, తిండి కూడా చెడితే 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు.

ఇక మీ భయం. చదివాక వరండాలోకి వెళ్లడానికి జంకు వేసిందంటే లోపల నమ్మకం దాక్కున్నట్టు కాదు. ఒళ్లు మనసుకంటే ముందు ఉలిక్కిపడుతుంది. పాము కాదు తాడు అని తెలిసేలోపే కాలు వెనక్కి వచ్చేస్తుంది. తెలిశాక కూడా గుండె కాసేపు కొట్టుకుంటుంది. కథ చదువుతున్నంతసేపూ ఆ గుండెకు పని చెప్పాం కాబట్టి పుస్తకం మూశాక అది వెంటనే ఆగదు.

మన పెద్దలు దీన్ని చాలా ముందే పట్టించుకున్నారు. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఒకటి. అంటే భయాన్ని కూడా ఆస్వాదించవచ్చని ఒప్పుకున్నారు. దాదాపు వెయ్యేళ్ల కిందట కశ్మీరులో నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు దీనికి ఇచ్చిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడి రథం తరుముతుంటే మెడ తిప్పి తిప్పి వెనక్కి చూస్తూ పరుగెత్తే లేడి. ఆ లేడి భయాన్ని మనం అనుభవిస్తాం. కానీ అది ఫలానా లేడిది, ఫలానా రోజుది, నాది, నా శత్రువుది అనే లెక్కలేవీ ఆ క్షణంలో ఉండవు. ఎవరికీ చెందని భయం అది. అందుకే అందులో ఆనందం వీలైంది. దీన్నే సాధారణీకరణం అన్నారు.

నమ్మకం ఉందో లేదో తేల్చుకోవాలంటే, భయమేసినప్పుడు మీరేం చేస్తున్నారో చూసుకోండి. లైటు వేసుకున్నారు. దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. గుమ్మానికి ఏదైనా కట్టారా? ఎవరికైనా డబ్బిచ్చి తాయెత్తు తెచ్చుకున్నారా? ఒంట్లో బాగాలేకపోతే డాక్టర్ని వదిలి ఇంకెవరి దగ్గరికైనా వెళ్లారా? ఎదురింటి ముసలమ్మ వైపు ఒక్కసారైనా అనుమానంగా చూశారా? ఇవేవీ లేవని మీ ఉత్తరమే చెబుతోంది.

మీ చేతిలో ఉన్న పుస్తకం రాసిన మనిషిని కూడా కాస్త చూడండి. హెర్న్ 1850లో గ్రీసు దేశపు లెఫ్కాడా దీవిలో పుట్టాడు. డబ్లిన్‌లో బంధువుల పెద్దావిడ పెంపకంలో పెరిగాడు. చీకటంటే విపరీతమైన భయం ఉన్న పిల్లవాడు. ఆ భయం పోగొడదామని రాత్రిపూట గదిలో పెట్టి తాళం వేసేవాళ్లు. భయం పోలేదు. పదహారేళ్లప్పుడు ఎడమ కన్ను పోయింది. 1890లో జపాన్ చేరి మత్సుయే అనే ఊళ్లో ఇంగ్లీషు మాస్టారుగా కుదిరాడు. అంటే మీలాగే బడిపంతులు. ఆ చీకటిని మరిచిపోవడానికి ప్రయత్నించకుండా జీవితమంతా దాని దగ్గరే కూర్చుని కథలు విన్నాడు. భార్య సెట్సు దీపం తగ్గించి చెప్పేది. పుస్తకం చూసి చదవొద్దనేవాడు, నీ మాటల్లో, నువ్వు అనుకున్నట్టు చెప్పు అనేవాడు. 1904లో, ఆయన చనిపోయిన ఏడాదే, ఈ సంపుటి అచ్చయింది.

ఆ సంపుటి చివర్లో సీతాకోకచిలుకలు, దోమలు, చీమల మీద మూడు వ్యాసాలున్నాయి. మళ్లీ మళ్లీ చదివానన్నారు కాబట్టి మీ కంట పడే ఉంటాయి. మీ పెద్దాయనకు వాటిని తప్పకుండా చూపించండి. దోమల వ్యాసంలో హెర్న్ ఒక శాస్త్రజ్ఞుడి పుస్తకం ముందు పెట్టుకుని, తన పొరుగున ఉన్న బౌద్ధ శ్మశానంలో సమాధుల ముందరి నీళ్ల తొట్లలో దోమలు ఎలా పెరుగుతున్నాయో, వాటి మీద కిరసనాయిలు పోస్తే ఏమవుతుందో రాస్తాడు. ఇంగ్లీషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ పరిణామ సిద్ధాంతమంటే ప్రాణం పెట్టిన మనిషి ఆయన. శ్మశానంలో దెయ్యాన్నీ దోమ పిల్లనీ ఒకే మనిషి ఒకే శ్రద్ధతో చూడగలిగాడు. మీరు పగలు లిట్మస్ కాగితం పట్టుకుని రాత్రి ఈ పుస్తకం పట్టుకుంటే అందులో వింతేముంది?

ఇంత చెప్పినా పెద్దాయన కోపాన్ని నేను కొట్టిపారెయ్యను. ఆయన ఎన్ని ఊళ్లు చూశారో, ఏమేం చూశారో నాకు తెలియదు. కానీ బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో, మంత్రం పలక్కుండా మనుషుల పళ్లు ఊడగొట్టిన నేల మనది. చెట్లకు కట్టి కొట్టారు, తగలబెట్టారు. ఆ శవాల దగ్గర నిలబడినవాళ్లకు ‘దయ్యం’ అనే మాటే చేదుగా ఉంటుంది. ‘సరదాకి చదువుతున్నాను’ అంటే అది ఆయన చెవికి మరోలా వినిపిస్తుంది. ఆ మాట అనకండి.

ఆయనతో మాట్లాడాల్సింది ఒకటే అని నాకనిపిస్తుంది. కథలోని దెయ్యానికి ఇంటి నంబరు ఉండదు. పుకారులోని దెయ్యానికి ఉంటుంది. మీ సంపుటిలో ముఖం లేని ఆ అమ్మాయి ఎవరి కూతురు? ఎవరికీ కాదు. కథ విన్నవాడు ఇంటికెళ్లి ఎవర్నీ కొట్టడు. ఊళ్లో ‘ఫలానా ఆమె చూపు మంచిది కాదు’ అన్న గుసగుసకు మాత్రం పేరుంది, కులం ఉంది, గడప ఉంది, చాలాసార్లు ఆ గడప వెనక ఎవరో కోరుకునే అర ఎకరం పొలం కూడా ఉంది. అభినవగుప్తుడు ఎవరికీ చెందని భయం అన్నాడే, దానికి సరిగ్గా ఎదురుగా నిలబడే భయం ఇది. దీన్ని పట్టుకెళ్లి ఒక మనిషికి అంటగడతారు.

మంచి దెయ్యం కథలు ఈ అంటగట్టడానికి ఎదురు తిరుగుతాయి కూడా. పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పిన బేతాళ కథల ముగింపు చాలామంది మరిచిపోతారు. రాజును శ్మశానానికి పంపి శవం తెమ్మన్నది ఒక భిక్షువు. దారి పొడుగునా భుజం మీద శవంలో ఉండి కథలు చెప్పింది బేతాళుడు. చివరికి బేతాళుడే చెబుతాడు, ‘ఆ భిక్షువు నిన్నే బలి ఇవ్వబోతున్నాడు, జాగ్రత్త’ అని. శవంలోని భూతం రాజు ప్రాణం కాపాడింది. ప్రమాదమంతా మంత్రాలు జపిస్తూ కూర్చున్న బతికున్న మనిషితో. మీ సదస్సుల్లో మీరు చెప్పేదీ ఇదేగా.

హెర్న్ సంపుటిలోనే ఇంకో కథ ఉంది. తల నరకబోయే ముందు ఒక దోషి, చచ్చి పగ తీర్చుకుంటానని బెదిరిస్తాడు. నిజంగా అంత పగ ఉంటే తల తెగాక ఎదురుగా ఉన్న రాయిని కొరికి చూపించు అంటాడు యజమాని. తెగిన తల దొర్లుకుంటూ వెళ్లి రాయిని కొరుకుతుంది. నౌకర్లు నెలల తరబడి వణికిపోతారు, వెదురు పొదల్లో గాలి చప్పుడైనా ప్రేతమే అనుకుంటారు. శాంతి చేయించమంటారు. యజమాని అక్కర్లేదంటాడు. చచ్చేముందు చివరి తలపు ఒక్కటే ప్రమాదం, దాన్ని నేను రాయి మీదకు మళ్లించాను, పగ సంగతి వాడు మరిచిపోయాడు అంటాడు. ఏ ప్రేతమూ రాదు. భయం గాలి చప్పుడును కూడా ఎలా సాక్ష్యంగా మార్చుకుంటుందో ఇంత బాగా చూపించిన కథ నేను తక్కువ చూశాను. పెద్దాయనకు ఈ ఒక్క కథ చదివి వినిపించండి. గ్రూపులో మాత్రం జవాబు రాయొద్దు. ఇంటికెళ్లి, టీ తాగుతూ, ‘సార్, మీ బాధ నాకర్థమైంది, నా మాట కూడా వినండి’ అనండి.

ఆయన వినొచ్చు, వినకపోవచ్చు. వినకపోతే మీ ముందు రెండు దారులుంటాయి. మాట పడుతూనే బృందంలో కొనసాగడం ఒకటి. అప్పుడు కొన్నాళ్లు ఎత్తిపొడుపులు తప్పవు, పని మాత్రం సాగుతుంది. విడిగా మీ బడి, చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ల వరకు మీరే చేసుకోవడం రెండోది. మనశ్శాంతి ఉంటుంది కానీ ఏదైనా ఊళ్లో గొడవ లేస్తే వెనక నిలబడేందుకు నలుగురుండరు. ఆ పనిలో నలుగురు లేకపోవడం చిన్న సంగతి కాదు. పుస్తకం దాచేసి, మానేశానని చెప్పడం అనే మూడో దారి కూడా మీ మనసులో మెదిలినట్టుంది. ఉత్తరంలో ‘దాచుకుని చదువుకుంటే ఎవరికి తెలుస్తుంది’ అన్న వాక్యం చూశాను. తెలుస్తుంది. తెలిసిన రోజున ఇప్పటి మాట నిజమైపోతుంది. స్టాఫ్‌రూం బల్ల మీద బాహాటంగా ఉన్న పుస్తకం దాచిన పుస్తకం కన్నా మీకు మేలు.

క్లాసులో మళ్లీ చెప్పాలా వద్దా అన్నది మీకే వదిలేస్తాను. చెప్పకపోతే తల్లిదండ్రులతో పేచీ ఉండదు. అయితే పిల్లలు ఎలాగూ ఫోన్లలో ‘యథార్థ సంఘటన’ అని పేరు పెట్టిన వీడియోలు చూస్తున్నారు. అవి పుకారు జాతివి, ఊరి పేరుతో సహా చెబుతాయి. వాటికి కథకూ తేడా చెప్పేవాళ్లు వాళ్లకుండరు. చెప్పదలుచుకుంటే బేతాళుడి పద్ధతి పట్టండి. కథ చివర ఒక ప్రశ్న ఉండాలి, పిల్లలు వాదించుకోవాలి, గంట కొట్టేలోపు భయం మాటల్లోకి దిగాలి. ఆ వాన రోజున కథ అయింది, వాదన జరగలేదు. కరెంటు లేని పూట వద్దు, వినను అన్న పిల్లకు బయటికెళ్లే వీలుండాలి, ఆ అమ్మాయి పూర్తిగా కుదుటపడేదాకా అసలే వద్దు. ఏదైనా ఊళ్లో ఎవరి మీదైనా నింద నడుస్తున్నంతకాలం అక్కడ సదస్సులో గానీ బయట గానీ దెయ్యం కథ ఎత్తకండి. అక్కడ ప్రతి కథకూ వెంటనే ఒక ఇంటి నంబరు దొరికేస్తుంది.

లేచి అడిగిన పిల్లవాడికి జవాబు బాకీ ఉన్నారు. ‘నమ్మను. కథలు మాత్రం నాకు చాలా ఇష్టం’ అని క్లాసు ముందే చెప్పండి. ‘మరి భయమెయ్యదా’ అంటే వేస్తుందని చెప్పండి. భయం వేసినా ఎవర్నీ అనుమానించకుండా, ఎవరికీ డబ్బివ్వకుండా ఉండొచ్చని ఆ పిల్లలకు ఒక టీచరు చెప్పడం పది సదస్సుల పెట్టు.

మీ నాయనమ్మ గురించి సంతకం కింద చిన్న అక్షరాలతో రాశారు. ఉత్తరమంతా అక్కడి నుంచే వచ్చిందని నాకనిపించింది. మీరు పసివారిగా ఉన్నప్పుడు రెండు సంగతులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆమె కథలు చెప్పింది. ఊరు ఆమెను మంత్రగత్తె అంది. మీ నాన్నగారు ఆ రెండింటినీ ముడివేసి, కథలు ఆగితే మళ్లీ అలా జరగదనుకున్నారు. బిడ్డల్ని కాపాడుకోవాలన్న తండ్రి భయం అది, తప్పు పట్టలేం. కానీ కథలు చెప్పినందుకు ఆమెను వెళ్లగొట్టలేదు. పసిబిడ్డ ఎందుకు పోయిందో చెప్పే డాక్టరు ఊళ్లో లేడు, కారణం కావలసివచ్చింది, ఎదురు తిరగలేని మనిషి దొరికింది. అలా దొరికేది చాలాసార్లు ఒంటరి ఆడవాళ్లే అన్న సంగతి సదస్సులకు తిరిగే మీకు నాకంటే బాగా తెలుసు. మీరు పగలు చేసే పని ఆమెకు జరిగిన అన్యాయానికి జవాబు. రాత్రి చదివేది ఆమె ఇచ్చిన ఇష్టం. రెండూ ఆమె నుంచి వచ్చినవే. వాటిలో ఒకదాన్ని వదులుకోవాలని ఎవరైనా అంటే, నాన్నగారు ఆ భయంలో వేసిన ముడిని మీరు ఇంకా మోస్తున్నట్టే అవుతుంది.

చేయగలిగితే ఆమె చెప్పిన కథలు గుర్తున్నంత మేరకు రాసి పెట్టండి. ముందు నాన్నగారిని అడగండి. ఆయనకు గుర్తుండే ఉంటాయి. కష్టమనిపిస్తే బలవంతపెట్టకండి, మేనత్తలుంటే వాళ్లను అడగండి. హెర్న్ తన సంపుటిలోని మంచు స్త్రీ కథను ఒక రైతు చెప్పాడని, అది ఆ రైతు పల్లె కథ అని ముందుమాటలో రాసుకున్నాడు. మీరూ ప్రతి కథ కింద ఎవరు చెప్పారో, ఏ కాలంలో, ఏ పని చేస్తూ చెప్పారో రాయండి. నాయనమ్మ పేరు పూర్తిగా రాయండి. ఊరి పేరు రాయాలా వద్దా అన్నది మాత్రం అక్కడ ఇంకా బంధువులున్నారేమో చూసుకుని నాన్నగారితో కలిసి నిర్ణయించుకోండి.